కంచరగాడిద మొండిదా? – మాలిమి వెనుకనున్న శాస్త్రం

భైంసా పరిసరాలలోని నల్లరేగడి భూముల్లో ట్రాక్టర్లు ఎంత పెరిగినప్పటికి ఎడ్ల అరకలు పూర్తిగా మాయం కాలేదు. శ్రావణ బహుళ అమావాస్యనాడు, పొలాల పండుగకు, ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, ఊరేగించి మొక్కే ఆచారం ఇక్కడ నేటికీ ఉన్నది. అట్లా ఎడ్లను పెంచే రైతుకు ఒక ఇబ్బంది బాగా తెలుసు. చేనులో బుద్ధిగా నడిచిన కొత్త కోడె మొదటిసారి రహదారి మీదికి వచ్చి, మోరీ దగ్గర నాలుగు కాళ్ళూ నేలలో పాతుకొన్నట్లు నిలబడిపోతుంది. పగ్గం పట్టి ముందుకు లాగితే రాదు. వెనుకనుంచి అదిలిస్తే పక్కకు దూకుతుంది. నిర్మల్ నుంచి భైంసా మీదుగా నాందేడు పోయే 61వ జాతీయ రహదారి మీద పత్తి లారీలు వరుసగా పోయే రోజుల్లో ఆ ఒక్క దూకు చాలు, కోడె కాలు విరగడానికో మనిషి ప్రాణం పోవడానికో. అటువంటి వేళ తోలేవాని నోటికి వచ్చే మొదటి మాట ‘మొండిది’. చేతికి వచ్చే మొదటి వస్తువు ముల్లుగర్ర.

మొండిదన్న ఈ నిందను లోకంలో అన్ని జంతువుల కంటె ఎక్కువగా మోసినది కంచరగాడిద. మన ప్రాంతంలో అది అరుదు. నాందేడు జిల్లా మాళేగావులో ఏటా జరిగే ఖండోబా జాతరకు పోయినవారు గుర్రాలను, గాడిదలను, ఒంటెలను బారులు తీరి అమ్మకానికి నిలిపి ఉండగా చూచి ఉంటారు. విశాఖ మన్యంలో, పాడేరు వైపు కొండదారుల్లో, గుర్రాలు సరుకులు మోస్తూ సంతలకు రావడం మనకు తెలిసినదే. కంచరగాడిదను మాత్రం తెలుగువారు ఎక్కువగా చూచేది కేదారనాథ్ యాత్రలో. గౌరీకుండ్ నుంచి సుమారు 16 కిలోమీటర్ల నిట్రమైన దారిలో, ఒక పక్క కొండ, మరొక పక్క లోయ ఉండగా, వారు తమ ప్రాణాలను దాని వీపు మీద పెట్టి ప్రయాణం చేస్తారు. ఆ జంతువు బెదిరిందా, తప్పుకోవడానికి చోటులేదు. అందుచేత కుర్ర కంచరగాడిదకు దారిభయం పోగొట్టడం ఎట్లా అన్న ప్రశ్న కొండప్రాంతాల వారికి చాలా ముఖ్యమైనది. ఆ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు చెప్పిన సమాధానం మన కోడెకు కూడా చాలవరకు వర్తిస్తుంది.

మగ గాడిదకు, ఆడ గుర్రానికి పుట్టినది కంచరగాడిద. సంస్కృతంలో దీనిని అశ్వతరమన్నారు. గుర్రం కణాల్లో 64 క్రోమోసోములు, గాడిద కణాల్లో 62 ఉంటాయి. చెరిసగం కలిస్తే కంచరగాడిదకు 63 వస్తాయి. ఇది బేసి సంఖ్య. క్రోమోసోములు సరిగా జతకూడవు కాబట్టి దానికి సంతానం కలగడం దాదాపు అసాధ్యం. ప్రతి కంచరగాడిదను కొత్తగా పుట్టించవలసిందే. ప్రతిదానికీ దారి కొత్తగా నేర్పవలసిందే.

తల్లిదండ్రుల స్వభావాలు వేరువేరు. గుర్రం పూర్వికులు విశాలమైన పచ్చిక మైదానాల్లో మందలుగా బ్రతికినవి. తోడేలు కనబడితే ముందు పరుగెత్తాలి, తరువాత తిరిగి చూడాలి. ఈ పద్ధతి పాటించని గుర్రం వంశం మిగలలేదు. గాడిద పూర్వికులు ఈశాన్య ఆఫ్రికాలోని ఎండిన రాతినేలల్లో విడివిడిగా తిరిగినవి. ఆ రాళ్ళలో గుడ్డిగా పరుగెత్తితే కాలు విరుగుతుంది. కాబట్టి గాడిద అనుమానం కలిగినప్పుడు ముందు ఆగుతుంది. చెవులు నిక్కించి చూస్తుంది. అపాయం లేదని తోచిన తరువాతే కదులుతుంది. కంచరగాడిదకు తల్లినుంచి పెద్ద శరీరం, తండ్రినుంచి ఈ జాగ్రత్త సంక్రమించినవి. గుర్రంలాగా కనబడుతున్నది కదా అని గుర్రంలాగా నడిపించబోయిన మనిషికి దాని జాగ్రత్త మొండితనంగా తోస్తుంది. నిజానికి కొండ అంచున నడిచే జంతువుకు ఇంతకంటె మంచి గుణం ఏముంటుంది?

తెలివి తక్కువదన్న మాట కూడా నిలవదు. 2009లో ఇంగ్లండులో కొద్ది సంఖ్యలో గుర్రాలకు, గాడిదలకు, కంచరగాడిదలకు రెండు గుర్తులు చూపి, వాటిలో ఆహారాన్ని సూచించే గుర్తును ఎన్నుకొనే పరీక్ష పెట్టినారు. కంచరగాడిదలే తల్లిజాతిని, తండ్రిజాతిని మించి నేర్చుకొన్నవి. కొద్ది జంతువులతో చేసిన పరీక్ష కాబట్టి దీనినిబట్టి పెద్ద సిద్ధాంతాలు చేయకూడదు గాని, మందబుద్ధి అన్న అపవాదును తుడిచివేయడానికి ఇది చాలు.

దాని కంటితో చూస్తే

భయం పోగొట్టే ముందు దేనికి భయపడుతున్నదో తెలియాలి. ఇక్కడ మనిషి తన కంటిని నమ్ముకొని మోసపోతాడు. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కల ఉంటాయి. అది తల కదల్చకుండానే తన చుట్టూ సుమారు 350 డిగ్రీల మేర చూడగలదు. సరిగ్గా తోక వెనుక, నుదుటికి ఎదురుగా అతిదగ్గర మాత్రం కనబడదు. వెనుకనుంచి చప్పుడు లేకుండా వచ్చిన మనిషిని తన్నేది ఇందుకే. ఇంత విశాలమైన చూపుకు అది చెల్లించిన మూల్యం ఒకటున్నది. రెండు కళ్ళూ కలిసి చూచే భాగం ఇరుకు. లోతును, దూరాన్ని బాగా అంచనా వేయాలంటే ఆ భాగంలోకి వస్తువు రావాలి; అందుకు తల దించవలసి వస్తుంది. వాగు ఒడ్డున, చెక్కవంతెన ముందు జంతువు తల వంచి బుసకొడుతూ చూస్తున్నదంటే అది మొరాయించడం కాదు, లెక్క వేసుకొంటున్నది. అదే క్షణంలో పగ్గం బిగించి తల పైకెత్తించే వాడు దాని కళ్ళకు గంతలు కట్టినట్లే.

గుర్రానికి మనవలె మూడు రకాల రంగు గ్రాహకాలు లేవు, రెండే ఉన్నవి. ఎరుపు, పచ్చ వేరుగా తెలియవు. ఎండలోనుంచి నీడలోకి వచ్చినప్పుడు కన్ను సర్దుకోవడానికి మనకంటె ఎక్కువసేపు పడుతుంది. దట్టమైన మర్రినీడ దానికి కొంతసేపు చీకటి గుహ. నేలమీది నీటిగుంట లోతు తెలియని గొయ్యి. కంచెకు తగిలి రెపరెపలాడే ప్లాస్టిక్ సంచి సంగతి చెప్పనే అక్కరలేదు; గడ్డిలో మాటువేసిన మృగం చేసే చప్పుడుకు, దాని చప్పుడుకు పెద్ద తేడా లేదు.

2021లో అమెరికాలో ప్రకటితమైన ఒక ప్రయోగం ఆసక్తికరమైనది. కుర్ర గుర్రాలను పిల్లలు ఆడుకొనే ఒక పెద్ద ప్లాస్టిక్ బొమ్మ ఇంటి పక్కగా నడిపించి, అవి దానిని లెక్కచేయని స్థితికి తెచ్చినారు. తరువాత అదే వస్తువును ఉన్నచోటనే పక్కకు తిప్పి పెట్టినారు. గుర్రాలు దానిని మునుపెన్నడూ చూడనట్లు మళ్ళీ బెదిరినవి. పొద్దున పోయేటప్పుడు నిమ్మళంగా దాటిన బండరాయిని సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు చూచి జంతువు ఉలిక్కిపడితే, ‘పొద్దున లేని భయం ఇప్పుడెక్కడిది?’ అని కోప్పడనక్కరలేదు. తిరుగుదారిలో ఆ రాయికి మరొక ముఖమున్నది.

భయం నేర్వడం, మరవడం

మెదడులో బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా అనే భాగం భయానికి ముఖ్యకేంద్రం. అక్కడినుంచి సంకేతం బయలుదేరగానే రక్తంలోకి ఎడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి. ఆ స్థితిలో జంతువుకు కొత్త పాఠం తలకెక్కదు. మేత కూడా ముట్టదు. గుప్పెడు శనగలో చిన్న బెల్లం ముక్కో మూతి దగ్గర పెట్టి చూడవచ్చు. తింటే భయం హద్దులో ఉన్నదన్నమాట. మూతి తిప్పుకొంటే పాఠం ఆపి నాలుగడుగులు వెనక్కు తీసుకొని పోవలసినదే. ఏ పరికరమూ అక్కరలేని మంచి కొలమానం ఇది.

రష్యా శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్ కుక్కల ప్రయోగం విద్యార్థులకు పరిచితమే. ఆహారానికి ముందు పదేపదే ఒక శబ్దం వినిపిస్తే కొంతకాలానికి ఆ శబ్దం ఒక్కటే నోట నీరూరించింది. ఆహారం స్థానంలో దెబ్బను పెట్టి చూడండి. మోరీ దగ్గర కోడె ఆగింది. వీపున ముల్లుగర్ర దిగింది. మరునాడు మోరీ, మళ్ళీ పోటు. కోడె నేర్చుకొన్న పాఠం ఏమిటి? ‘ఆగకూడదు’ అని మనం అనుకొంటాము. అది నేర్చుకొన్నది ‘మోరీ వస్తే నొప్పి వస్తుంది’ అని. నిన్నటి వరకు మోరీ అనుమానాస్పదమైన వస్తువు మాత్రమే. నేడు అది నిజంగా అపాయకరమైనదని రుజువైపోయింది. పైగా భయం ఒక్క అనుభవంతోనే నాటుకొంటుంది. పోవడానికి ఎన్నో అనుభవాలు కావాలి. ప్రకృతి దృష్టితో ఇది న్యాయమే. పులిని రెండోసారి పరీక్షించి చూచే జంతువుకు మూడోసారి ఉండదు.

మరి దానిని పోగొట్టేదెట్లా? 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు పీటర్ అనే చిన్నపిల్లవాని కుందేటి భయాన్ని పోగొట్టిన పద్ధతి ప్రసిద్ధమైనది. పిల్లవాడు ఇష్టమైన పదార్థం తింటుండగా కుందేటిని దూరంగా ఉంచినారు. వాడు తినడం మానకుండా ఉన్నంతవరకు రోజురోజుకూ కొద్దికొద్దిగా దగ్గరకు జరిపినారు. చివరకు వాడు దానిని చేత్తో నిమిరినాడు. జంతువులకు కూడా ఇదే క్రమం పనిచేస్తుందని 2006లో డెన్మార్కులో ప్రకటించిన ప్రయోగం చూపించింది. రెండేళ్ళ గుర్రాలను మూడు గుంపులు చేసి, కదిలే తెల్లని నైలాను సంచికి అలవాటు చేసినారు. ఒక గుంపుకు సంచిని మొదటినుంచీ పూర్తిగా చూపించినారు. మరొక గుంపుకు సంచితోపాటు మేత ఇచ్చినారు. మూడవ గుంపుకు మాత్రం మెట్లు మెట్లుగా, ఒక మెట్టులో నిమ్మళించిన తరువాతనే తరువాతి మెట్టుకు పోతూ చూపించినారు. ఈ చివరి గుంపు తక్కువసార్లు బెదిరింది, తక్కువ పాఠాలతో నేర్చుకొన్నది. అందులోని గుర్రాలన్నీ నేర్చుకొన్నవి. తక్కిన గుంపుల్లో కొన్ని ఎంతకీ అలవాటు పడలేదు. ఒక్కసారిగా నెట్టివేస్తే తొందరగా పనవుతుందనుకొనే వారు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవలసి ఉన్నది.

ఇక్కడ మరొక చిక్కు. పోయిన భయం తుడిచిపెట్టుకొని పోదు. పాత పాఠం మీద కొత్త పాఠం పరచుకొంటుంది, అంతే. పావ్‌లోవ్ కుక్కలు శబ్దానికి చొంగ కార్చడం మానివేసిన తరువాత, కొంత విరామమిచ్చి మళ్ళీ శబ్దం వినిపిస్తే చొంగ తిరిగి వచ్చింది. వానాకాలమంతా కొట్టంలో ఉన్న జంతువును మళ్ళీ దారికి తెచ్చినప్పుడు పాత బెదురు తలెత్తడం ఈ కారణంచేతనే. ఒక మోరీ దగ్గర నేర్చిన ధైర్యం ఇంకొక మోరీ దగ్గర పూర్తిగా పనికిరాదు. నాలుగైదు రకాల మోరీలు, రెండు మూడు రకాల వంతెనలు, పారే నీరు, నిలిచిన నీరు విడివిడిగా చూపవలసి వస్తుంది. అప్పుడుగాని ‘కొత్తది ఎదురైనా ఫరవాలేదు’ అన్న సాధారణ జ్ఞానం కలగదు. మాలిమి అని మనవాళ్ళు అనేది ఈ స్థితినే. ప్రేమ, విశ్వాసం అనే పెద్దమాటలు దానికి తగిలించవచ్చు గాని, దాని ఎముక మాత్రం ఇది: ఈ మనిషితో వెళ్ళినప్పుడు ఏమి జరుగుతుందో ముందుగా తెలుసు, జరిగినది ఎప్పుడూ కీడు కాలేదు.

పగ్గం వదిలే క్షణం

ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికి థారన్‌డైక్ పేరు కొత్తకాదు. 1898లో ఆయన పిల్లులను చిక్కుపెట్టెల్లో ఉంచి, ఏ చేష్టవల్ల తలుపు తెరుచుకొంటుందో ఆ చేష్ట క్రమంగా బలపడుతుందని చూపినాడు. పశువును నడిపించడంలోని కీలకమంతా ఇందులోనే ఉన్నది. పగ్గం మెల్లగా బిగించినాము. అది అసౌకర్యం. జంతువు ఒక్క అడుగు, అడుగైనా కాదు, బరువును కాస్త ముందుకు మోపింది. తక్షణమే పగ్గం సడలించినాము. ఆ సడలింపే దానికి బహుమానం. దీనిని ఋణాత్మక పునర్బలనం అంటారు. పరీక్ష పత్రాల్లో దీనిని దండనగా పొరబడటం సాధారణం. దండన ఒక పనిని తగ్గించడానికి వచ్చేది; ఇది అసౌకర్యాన్ని తొలగించి ఒక పనిని పెంచేది. సడలింపు ఒకటి రెండు సెకన్లు ఆలస్యమైతే జంతువు అప్పటికి చేస్తున్న మరేదో పనికి దానిని ముడివేసుకొంటుంది. లాగేటప్పుడు కాదు, వదిలేటప్పుడు నేర్చుకొంటుందని కాపరి గ్రహించాలి. ఎడతెగకుండా లాగుతూనే ఉండేవాని చేతిలో అది నేర్చుకొనేదేమీ లేదు.

ఒక కుర్ర కంచరగాడిదకు వాగు దాటడం నేర్పుతున్నామనుకొందాము. మన సుద్దవాగు వంటిదే, ఎండాకాలం చీలమండ లోతు నీళ్ళున్న చోటు. మొదటిరోజు ఎవరూ ఎక్కకూడదు; పగ్గంతో నడిపించుకొని పోవాలి. అది ఎక్కడ ఆగితే అక్కడే ఆగనివ్వాలి. ఆగిన చోటు ఒడ్డుకు ఇరవై గజాల దూరమైనా సరే, అదే ఆనాటి పాఠశాల. చూచి, వాసన పట్టి, చెవులు మెత్తబడిన తరువాత ఒక అడుగు అడగాలి. వేయగానే పగ్గం వదలాలి. మూతి నీటికి ఆనించి ఊదితే ఆనందించవలసిన విషయం. కాలితో నీటిని కొడితే మరీ మంచిది, లోతు కొలుస్తున్నదన్నమాట. నాలుగు కాళ్ళూ నీళ్ళలో పెట్టిననాడు అంతటితో ఆపి ఇంటికి మళ్ళించాలి. ఇంకొక్కసారి చూద్దామన్న అత్యాశ ఎన్నో పాఠాలను చెరుపుతుంది. తరువాత ఖాళీ జీనుతో, ఆ తరువాత తేలిక బరువుతో, చివరకు మనిషితో దాటించవచ్చును. ఎదిగే వయసులో తొందర అసలే పనికిరాదు. ఈ జాతుల్లో వెన్నుపూసల ఎదుగుదల ఐదేళ్ళు దాటితేగాని పూర్తికాదు. లేత వెన్నుమీద మనిషిని మోసిన నొప్పి దారిమీది భయంగా మారుతుంది. నిన్నటిదాకా నడిచిన జంతువు హఠాత్తుగా మొరాయిస్తే ముందు చూడవలసినది గిట్టలో ఇరుక్కొన్న రాయి, జీను కింద లేచిన పుండు. నొప్పి ఉన్న చోట ఏ శిక్షణా పనిచేయదు.

ఇంతకూ కొట్టి నడిపించిన జంతువులు కూడా నడుస్తున్నవి కదా, చివరకు నెమ్మదిగానే నిలబడుతున్నవి కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. 1967లో అమెరికాలో సెలిగ్మన్, మేయర్ అనేవారు కుక్కలపై చేసిన ప్రయోగాలు దీనికి జవాబు చెబుతాయి. తప్పించుకోవడానికి వీలులేని విద్యుద్ఘాతాలు తిన్న కుక్కలు, తరువాత తప్పించుకొనే దారి కల్పించినా చాలావరకు ప్రయత్నించకుండా పడి ఉండిపోయినవి. నేను ఏమి చేసినా ఫలితం లేదన్నది అవి నేర్చుకొన్న పాఠం. (ఇటువంటి ప్రయోగాలకు నేటి నీతినియమాలు అనుమతించవు.) మాలిమి అయిన జంతువూ నెమ్మదిగా నిలబడుతుంది, ఆశ వదులుకొన్న జంతువూ నెమ్మదిగానే నిలబడుతుంది. తేడా దగ్గరనుంచి చూస్తేగాని తెలియదు. మొదటిది చెవులు అటూ ఇటూ తిప్పుతూ ఉంటుంది, కొత్త వస్తువును వాసన చూస్తుంది, మనిషి వైపు తల తిప్పుతుంది. రెండవది చూపు నిలిపి, చెవులు కదల్చక, చుట్టూ ఏమి జరిగినా పట్టనట్లు ఉంటుంది. అటువంటిది ఒకనాడు హద్దు దాటి బెదిరితే ఏ సంకేతమూ లేకుండానే బెదురుతుంది; కొండదారిలో అన్నిటికంటె అపాయకరమైన జంతువు అదే. 2022 యాత్రాకాలంలో కేదారనాథ్ దారిలో గుర్రాలు, కంచరగాడిదలు పెద్ద సంఖ్యలో మరణించినవి. వాటిచేత శక్తికి మించిన పని చేయిస్తున్నారన్న ఫిర్యాదు ఉత్తరాఖండ్ ఉన్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. ఆ దారిలో ప్రయాణించే తెలుగు యాత్రికులు ఎక్కేముందు ఒక్క నిమిషం జంతువు చెవులను, కళ్ళను, వీపును చూడటం నేర్చుకొంటే మంచిది.

గంట కట్టిన గుర్రం

1835లో చార్లెస్ డార్విన్ దక్షిణ అమెరికాలో ఆండీసు పర్వతాలను దాటినాడు. ఆయన వెంట పది కంచరగాడిదలు, వాటితో పాటు మెడలో చిన్న గంట కట్టిన ఒక ముసలి ఆడగుర్రం ఉండేవి. అక్కడివారు ఆ గుర్రాన్ని మద్రీనా అంటారు. ధర్మమాత అని అర్థం. దానిమీద బరువు వేయరు. అది ఎక్కడికి పోతే కంచరగాడిదలన్నీ అక్కడికి పోతాయి. రాత్రి మేతకు వదిలినా పొద్దున్నే గంట చప్పుడు విని దానిచుట్టూ చేరుతాయి. సమతలం మీద ఒక్కొక్కటి 416 పౌండ్లు, అనగా దాదాపు 189 కిలోగ్రాములు మోసేవని, కొండల్లో నూరు పౌండ్లు తగ్గించేవారని డార్విన్ వ్రాసినాడు. ఇంత బరువుతో అంత ఇరుకు దారిలో వాటిని నడిపించినది ముందున్న గంట. కంచరగాడిదను కన్నది, పాలిచ్చి పెంచినది ఆడగుర్రమే కాబట్టి ఆ జాతిమీద దానికి మక్కువ ఎక్కువ.

మన దక్కనులో రైళ్ళు రాకముందు ధాన్యాన్ని, ఉప్పును మోసిన లంబాడీల ఎడ్ల బిడారులు కూడా మందగా నడిచినవే. పదివేలు, పన్నెండువేల ఎడ్లున్న బిడారులను గురించి 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వ్రాసినాడు. అంత మందలో ప్రతి ఎద్దుకూ విడిగా దారి నేర్పడం ఎవరి తరం? తోడు చూచి తోడు నేర్చుకొన్నవి. మన రైతు కొత్త కోడెను అనుభవమున్న ముసలి ఎద్దు పక్కన కాడికి కట్టేది ఈ సూత్రం మీదనే. దాపటి ఎద్దు ఉలకకపోతే వలపటి కోడె ఎక్కువసేపు ఉలకదు. దీనిని 2008లో డెన్మార్కు పరిశోధకులు కొలిచి చూపినారు. భయం తీరిన గుర్రం తోడుగా ఉన్నప్పుడు కొత్త గుర్రాల గుండెవేగం తక్కువగా పెరిగింది. తరువాత తోడు తీసివేసి ఒంటరిగా పరీక్షించినా ఆ లాభం నిలిచింది. తోడు బెదురుగొడ్డైతే ఫలితం తలక్రిందులవుతుందని వేరుగా చెప్పనక్కరలేదు.

పగ్గం పట్టిన మనిషి కూడా ఆ తోడులో ఒక భాగమే. 2009లో స్వీడనులో కొందరిచేత గుర్రాలను ఒకే దారిలో నాలుగుసార్లు నడిపించినారు. నాలుగవసారి బయలుదేరే ముందు, దారిలో ఒకరు హఠాత్తుగా గొడుగు తెరుస్తారని ఆ మనుషులతో చెప్పినారు. గొడుగు ఎవరూ తెరవలేదు. అయినా మనుషుల గుండెవేగం పెరిగింది; వారితో పాటు, ఏ మాటా వినని, ఏ గొడుగూ చూడని గుర్రాల గుండెవేగమూ పెరిగింది. పగ్గం మీద పడిన బిగువు, శరీరంలోని చిన్న కదలిక వాటికి చాలు. ఇరవయ్యవ శతాబ్దారంభంలో జర్మనీలో కూడికలు చేస్తుందని పేరుపొందిన హాన్స్ అనే గుర్రం నిజానికి లెక్కలు చేయక, ప్రశ్న అడిగినవాని తలలోని అతిసూక్ష్మమైన కదలికను చూచి గిట్ట చప్పుడు ఆపుతున్నదని 1907లో ఫంగ్‌స్ట్ బయటపెట్టినాడు. మోరీ ఇంకా వంద గజాలుండగానే ‘ఇప్పుడిది ఆగుతుంది’ అని పళ్ళు బిగించుకొనే తోలేవాడు తన కోడెకు మోరీ వస్తున్నదని ముందే కబురు పంపుతున్నాడు.

అటువంటప్పుడు చేతిని ఎక్కడ వేయాలో కూడా శాస్త్రం చెప్పింది. గుర్రాలు ఒకదానినొకటి పళ్ళతో గోకుకొనే చోటు మెడ చివర, మూపు దగ్గర ఉన్నది. మనిషి అక్కడ గోకితే గుండెవేగం తగ్గుతుందని 1993లో ఫ్రాన్సులో కొలిచినారు. తలమీద, ముఖంమీద తట్టడం మన సరదా. మూపు గోకడం దాని సుఖం.

పాఠశాలలో చేయదగిన పరిశీలన

ఏ పరికరాలూ లేకుండా విద్యార్థులు ఈ విషయాన్ని స్వయంగా పరీక్షించవచ్చును. ఊరిలో ఎవరి దొడ్లోనైనా మాలిమిగల లేగదూడను, యజమాని అనుమతితో, ఆయన సమక్షంలోనే ఎన్నుకోవాలి. దూడను కట్టివేయకూడదు, వెనక్కు పోవడానికి దానికి చోటుండాలి. ఒక విద్యార్థి మూసిన నల్ల గొడుగుతో ముప్ఫై అడుగుల దూరాన నిలబడి, మెల్లగా గొడుగు తెరిచి, ఒక్కొక్క అడుగే దగ్గరకు రావాలి. దూడ మేయడం ఆపి తల ఎత్తగానే ఆగి, ఆ దూరాన్ని నమోదు చేయాలి. అంతకంటె ముందుకు పోరాదు. దూడ మళ్ళీ మేత అందుకొన్న తరువాత గొడుగు మూసి వెనక్కు రావాలి. రోజుకొకసారి చొప్పున పది రోజులు ఇట్లా చేసి, రోజును అడ్డగీటు మీద, దూరాన్ని నిలువుగీటు మీద గుర్తించి రేఖాపటం గీయాలి. సాధారణంగా రేఖ దిగుతూ పోతుంది. ఒకటి రెండు రోజులు పైకి లేస్తే ఆనాడు ఏమి జరిగిందో, గాలి ఎక్కువగా ఉన్నదా, కుక్క మొరిగిందా, కనుక్కొని పక్కన వ్రాసుకోవాలి.

పదకొండవనాడు ఒక ముఖ్యమైన పరీక్ష ఉన్నది. దూడ గొడుగును లెక్కచేయకపోవడం నిజంగా నేర్చుకొనడమా, లేక అలసట వల్లనో కంటి నిర్లక్ష్యం వల్లనో ఏర్పడినదా? నల్ల గొడుగుకు బదులు తెల్లని గుడ్డ పట్టుకొని అదే విధంగా దగ్గరకు పోవాలి. దూడ మళ్ళీ దూరంలోనే తల ఎత్తితే దాని కళ్ళు, చెవులు చురుకుగానే ఉన్నవని, నల్ల గొడుగు ఒక్కదానిని గురించే అది ఒక నిర్ణయానికి వచ్చిందని తేలుతుంది. ఆ తరువాత తెల్లగుడ్డకు కూడా వేరుగా రేఖాపటం గీసి, రెండవసారి దూడ ఎన్ని రోజుల్లో అలవాటు పడినదో మొదటిదానితో పోల్చి చూడవచ్చును.